పరాయి ఊరి కాలువ మీదికి కన్సల్టెంట్‌గా వెళ్ళాలంటే

నెలకు రెండు మూడు ఫోన్లయినా వస్తాయి, "అక్కా, నాకూ ఏడీబీలో ఏదైనా చూడరాదూ" అని. ఏడీబీ అంటే ఆసియా అభివృద్ధి బ్యాంకు. చేసేది ఎక్కువగా వెలుగు అనే పేదరిక నిర్మూలన ప్రాజెక్టులో నాతో పనిచేసినవాళ్ళు, ఈమధ్య వాళ్ళ పిల్లలు కూడా. చెప్పిందే చెప్పి గొంతు పోతోంది. అందుకే విదేశీ ప్రాజెక్టుల్లో కన్సల్టెంట్ పని ఎలా దొరుకుతుంది, ఎలా చేయాలి అన్నది ఒకచోట రాసి పెడుతున్నా. ఇకమీదట ఇది చదివి, అప్పటికీ ఉత్సాహం మిగిలితే ఫోన్ చేయండి.

నా సంగతి రెండు ముక్కల్లో. 2001లో మహబూబ్‌నగర్ జిల్లాలో వెలుగు ప్రాజెక్టులో కమ్యూనిటీ కోఆర్డినేటర్‌గా చేరాను. మక్తల్ దగ్గర ఒక ఊళ్ళో అద్దెకుండి, ఆడవాళ్ళు కూలి నుంచి వచ్చి వంట చేసుకున్నాక రాత్రి తొమ్మిదికి సంఘం మీటింగులు పెట్టించి, పొదుపు పుస్తకాలు రాయించిన ఉద్యోగం అది. తర్వాత చెరువుల ప్రాజెక్టులో నీటి సంఘాల పని చేశాను. 2012లో మొదటిసారి కంబోడియా వెళ్ళాను. ఆ తర్వాత నేపాల్, తజికిస్థాన్, మళ్ళీ రెండుసార్లు కంబోడియా. చుట్టాలకు విమానాలే కనిపిస్తాయి. రెండు కాంట్రాక్టుల మధ్య తొమ్మిది నెలలు ఇంట్లో కూర్చుని ఈమెయిల్ చూసుకున్న రోజులు కనిపించవు.

డబ్బు ఎవరిది, బాస్ ఎవరు

ముందు ఇది తేల్చుకోవాలి. ఏడీబీ, వరల్డ్ బ్యాంక్ లాంటివి ప్రభుత్వాలకు అప్పిస్తాయి. ఆ అప్పులోంచే ఆ దేశపు మంత్రిత్వ శాఖ ఒక కన్సల్టింగ్ కంపెనీని పెట్టుకుంటుంది. కంపెనీ మనల్ని పెట్టుకుంటుంది. ఇది ఒక రకం. ఇందులో మీ బిల్లు మీద సంతకం పెట్టేది ఆ శాఖలో ప్రాజెక్టు డైరెక్టర్. మన ఇరిగేషన్ ఆఫీసులో ఫైలు ఎలా నడుస్తుందో తెలిసినవాళ్ళకు అక్కడి ఫైలు ఎలా నడుస్తుందో చెప్పక్కర్లేదు.

రెండో రకం టెక్నికల్ అసిస్టెన్స్, అందరూ టీఏ అంటారు. మన ఆఫీసుల్లో టీఏ అంటే ట్రావెలింగ్ అలవెన్స్ కాబట్టి మొదటి మీటింగులో నేను కాసేపు తికమకపడ్డాను. ఇందులో చాలావరకు బ్యాంకే నేరుగా కన్సల్టెంట్లను ఎంచుకుని, తనే డబ్బు కడుతుంది. అప్పు ఇచ్చే ముందు ప్రాజెక్టు తయారుచేయడం, చట్టం ముసాయిదా రాయడం, సిబ్బందికి శిక్షణ, ఏదైనా అధ్యయనం, ఇలాంటి పనులు. ఏడీబీ టీఏ అయితే మీరు నిజంగా జవాబు చెప్పాల్సింది మనీలాలో బ్యాంకు ప్రధాన కార్యాలయంలో కూర్చున్న ప్రాజెక్టు ఆఫీసర్‌కు. రిపోర్టును వాడుకోవాల్సింది మాత్రం ఆ దేశపు శాఖ. ఇద్దరికీ కావలసింది ఒకటే అయిన సందర్భాన్ని నేనింకా చూడలేదు.

ఇంకొక మాట. ఇండియాలో ప్రాజెక్టు అయితే మీరు నేషనల్ కన్సల్టెంట్. అదే మనిషి, అదే చదువు, కంబోడియా రాజధాని నాంపెన్‌లో దిగితే ఇంటర్నేషనల్. రేటు కొన్ని రెట్లు తేడా ఉంటుంది. మీ పక్క కుర్చీలో కూర్చుని మీకన్నా ఎక్కువ తెలిసిన అక్కడి నేషనల్ కన్సల్టెంట్‌కు మీ జీతంలో చిన్న ముక్క వస్తుంది. ఈ సంగతి మొదటి రోజునే గుర్తుంచుకుంటే నోరు కాస్త అదుపులో ఉంటుంది.

ప్రకటనలు, ప్రొఫైల్

ఏడీబీకి సీఎంఎస్ అని కన్సల్టెంట్ల సైటు ఉంది. అక్కడ ప్రొఫైల్ పెట్టుకోవడానికి పైసా ఖర్చు లేదు. వరల్డ్ బ్యాంక్‌కు దాని సైటు, ఐక్యరాజ్యసమితి సంస్థలకు యూఎన్‌జీఎం, ఇవి కాక రిలీఫ్‌వెబ్, డెవెక్స్ అనే ప్రకటనల సైట్లు. డబ్బు తీసుకుని ఉద్యోగం ఇప్పిస్తామనే ఏజెంట్లు ఈ పనికి లేరు. ఉన్నామని ఎవరైనా అంటే ఫోన్ పెట్టేయండి.

ప్రొఫైల్ నింపేటప్పుడు ఒక చిక్కుంది. మనం చేసే పనికి దేశానికో పేరు. మన నీటి వినియోగదారుల సంఘాన్నే కంబోడియాలో ఎఫ్‌డబ్ల్యూయూసీ (ఫార్మర్ వాటర్ యూజర్ కమ్యూనిటీ) అంటారు, ఇంకోచోట రైతు సంస్థ అంటారు, పుస్తకాల్లో పార్టిసిపేటరీ ఇరిగేషన్ మేనేజ్‌మెంట్ అంటారు. వెతికేవాళ్ళు ఏ పేరుతో వెతుకుతారో తెలియదు కాబట్టి అన్ని పేర్లూ ప్రొఫైల్‌లో ఎక్కడో ఒకచోట ఉండాలి.

2025 జూలై 1తో అమెరికా ప్రభుత్వపు విదేశీ సాయం సంస్థ యూఎస్‌ఎయిడ్ మూతపడింది. దాని ప్రాజెక్టుల్లో ఇరవయ్యేళ్ళు చేసినవాళ్ళంతా ఇప్పుడు మనం పెట్టే అప్లికేషన్లే పెడుతున్నారు. చేస్తున్న ఉద్యోగం మానేసి ఇందులోకి దూకుతానని గత సంవత్సరం ఒక కుర్రాడు అంటే వద్దన్నాను. సెలవు పెట్టి ఒక చిన్న అసైన్‌మెంట్ చేసి చూడమన్నాను. వరల్డ్ బ్యాంక్ షార్ట్ టర్మ్ కన్సల్టెంట్ అయినా జూలై నుంచి జూన్ దాకా లెక్కేసే వాళ్ళ ఆర్థిక సంవత్సరంలో 150 రోజులకు మించి చేయనివ్వరు. మిగతా రోజులకు ఇల్లు గడిచే దారి మీరే చూసుకోవాలి.

సీవీ

నా మొదటి ఆరు అప్లికేషన్లకు జవాబే లేదు. ఎందుకో ఏడాది తర్వాత తెలిసింది. నేను "వెలుగు ప్రాజెక్ట్, మహబూబ్‌నగర్" అని రాశాను. వెలుగు అంటే మనకు తెలుసు, మనీలాలో ఎవరికి తెలుసు? దాని అసలు పేరు ఆంధ్రప్రదేశ్ డిస్ట్రిక్ట్ పావర్టీ ఇనీషియేటివ్స్ ప్రాజెక్ట్. వరల్డ్ బ్యాంక్ అప్పుతో 2000లో శ్రీకాకుళం, విజయనగరం, చిత్తూరు, అనంతపురం, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మొదలైంది. ఆ పేరు, ఎవరి నిధులు, ఏ సంవత్సరాలు, నా హోదా ఏమిటి అని రాశాక ఏడో అప్లికేషన్‌కు ఫోన్ వచ్చింది. మీరు పనిచేసిన ప్రతి పథకానికీ ఊళ్ళో పిలిచే పేరు కాకుండా కాగితం మీది పేరు పట్టుకోండి. మన దగ్గర ప్రభుత్వం మారితే పథకం పేరూ మారుతుంది కాబట్టి ఇది కాస్త పనే.

సీవీకి మార్కులు వేస్తారు. చదువుకు కొన్ని, ఇలాంటి పని చేసిన అనుభవానికి ఎక్కువ, ఆ ప్రాంతంలో చేసిన అనుభవానికి కొన్ని. వేసేవాళ్ళ ముందు ముప్పై సీవీలుంటాయి. "సమన్వయం చేశాను, పర్యవేక్షించాను" అంటే వాళ్ళకు పట్టుకోవడానికి ఏమీ దొరకదు. ఎన్ని ఊళ్ళు, ఎన్ని సంఘాలు, ఎన్ని నెలలు, ఆ తర్వాత ఏం మారింది, ఇవి రాయాలి. ప్రకటనలో "నీటి రుసుము వసూలులో అనుభవం" అని ఉంటే, మీరు నీటి తీరువా రికార్డు చూసిన సంగతి మొదటి పేజీలోనే కనబడాలి.

అబద్ధం మాత్రం రాయొద్దు. నీతి కోసం చెప్పడం లేదు, ప్రాణం మీదికి వస్తుంది. ఒక కంపెనీ, పేరు అనవసరం, నా సీవీ తీసుకుని "చివరి పేజీ మీద సంతకం పెట్టి స్కాన్ పంపండి చాలు" అంది. మొత్తం ఫైలు పంపమని పట్టుబట్టాను. చూస్తే నాకు ఇరిగేషన్‌లో 5 ఏళ్ళుంటే 11 అయ్యాయి, నేను ఎన్నడూ కాలు పెట్టని లావోస్‌లో ఒక అసైన్‌మెంట్ కూడా చేసేశాను. ఆ చివరి పేజీలో ఏముంటుందంటే, ఇందులోది తప్పని తేలితే నన్ను తీసేయవచ్చు అని నా సంతకంతో నా ఒప్పుకోలు. బ్యాంకులు దీన్ని మోసం కింద చూస్తాయి. బ్లాక్‌లిస్టులో పడితే ఒక్క బ్యాంకుతో పోదు. 2010లో వరల్డ్ బ్యాంక్, ఏడీబీ, ఆఫ్రికా బ్యాంకు, ఐరోపా బ్యాంకు, అమెరికా ఖండాల బ్యాంకు కలిసి ఒప్పందం చేసుకున్నాయి. ఒకరు ఏడాదికి మించి వెలివేస్తే మిగతావాళ్ళూ వెలివేయవచ్చు. పేరు నెట్‌లో అందరికీ కనిపించేలా పెడతారు. సంతకం పెట్టే ముందు ప్రతి పేజీ చదవండి, ప్రతి పేజీ మీదా చిన్న సంతకం పెట్టండి.

కంపెనీ ఫోన్ చేస్తే

"మీ సీవీ మా ప్రపోజల్‌లో పెట్టుకుంటాం" అని ఫోన్ వస్తుంది. ఒకే టెండర్‌కు మూడు కంపెనీల నుంచి కూడా రావచ్చు. ఒక్కదానికే మాటివ్వాలి. ఎవరికి ఇవ్వాలో తేల్చుకోవడానికి నేను రెండు ప్రశ్నలు అడుగుతాను. షార్ట్‌లిస్టులో ఉన్నారా, టీమ్ లీడర్ ఎవరు. టీమ్ లీడర్ పేరు చెప్పకుండా నాన్చుతున్నారంటే వాళ్ళకింకా దొరకలేదని అర్థం.

మీ రేటు గురించి వాళ్ళు ఎందుకంత బేరమాడతారో తెలియాలంటే మార్కుల లెక్క తెలియాలి. ఎక్కువ టెండర్లలో టెక్నికల్ మార్కులకు కొంత వాటా, ధరకు కొంత వాటా. అందరికన్నా తక్కువ ధర వేసినవాళ్ళకు ధరలో 100 మార్కులు. మిగతావాళ్ళకు ఆ తక్కువ ధరను వాళ్ళ ధరతో భాగించి వందతో గుణిస్తారు. ఒక కంపెనీకి టెక్నికల్‌లో 88, ధర 5 లక్షల డాలర్లు అనుకోండి. ఇంకొక కంపెనీకి 82, ధర 4 లక్షలు. మొదటిదానికి ధర మార్కులు 80, రెండోదానికి 100. వాటా 90:10 అయితే మొదటిదానికి 87.2, రెండోదానికి 83.8. మొదటిది గెలిచింది. అదే మార్కులు, అదే ధర, వాటా 70:30 అయితే మొదటిదానికి 85.6, రెండోదానికి 87.4. తారుమారైంది. అందుకని రేటు చెప్పే ముందు వాటా ఎంతో అడగండి. 90:10 టెండర్‌లో మంచి సీవీ ఉన్నవాళ్ళు రేటు తగ్గించుకోవాల్సిన అవసరం పెద్దగా లేదు. కంపెనీ మాత్రం ఎప్పుడూ "పోటీ చాలా ఉంది మేడమ్" అనే అంటుంది.

నెల రేటు చెప్పేటప్పుడు నేను మోసపోయింది నా తెలివితక్కువతనం వల్లే. నెలకు 6,600 డాలర్లు అన్నాను. మనసులో 22 పనిదినాలు, రోజుకు 300 అని లెక్క. కాంట్రాక్టులో ఇంట్లో కూర్చుని చేసే పనికే నెల అంటే 22 రోజులు. ఫీల్డులో ఉంటే నెల అంటే ఆదివారాలతో కలిపి 30 రోజులు. నేను ఉన్నదంతా ఫీల్డే. రోజుకు 220 పడింది. నెల అంటే ఎన్ని రోజులో కాంట్రాక్టులో ఒక చిన్న లైను ఉంటుంది, వెతికి చదవండి. ప్రయాణం చేసే రోజు లెక్కకొస్తుందా, హోటల్ ఖర్చు రేటులో కలిసిందా విడిగానా, ఇవి కూడా.

ఒకవేళ గెలిచాక ఫోన్ చేసి "క్లయింట్ బడ్జెట్ తగ్గించాడు, 15 శాతం తగ్గించుకోండి" అంటే తొందరపడి సరేననకండి. మీ పేరు మీద మార్కులు వచ్చాయి. మిమ్మల్ని మార్చాలంటే వాళ్ళు క్లయింట్‌కు కారణం చూపించాలి. ఆ కారణం చూపించడం వాళ్ళకూ టెన్షనే.

టీఓఆర్

టర్మ్స్ ఆఫ్ రిఫరెన్స్‌ను, అంటే మనం ఏమేం చేయాలో రాసి ఉన్న కాగితాన్ని, మూడుసార్లు చదువుతాను. మొదటిసారి మామూలుగా. రెండోసారి పెన్సిల్‌తో క్రియల కింద గీత గీస్తూ: సమీక్షించాలి, తయారుచేయాలి, శిక్షణ ఇవ్వాలి, సహాయపడాలి. "సహాయపడాలి" అన్నచోట పక్కన ప్రశ్న గుర్తు పెడతాను. ఎందుకంటే దానికి హద్దు లేదు. మూడోసారి రోజులు పంచుతాను. ఒకసారి 45 రోజుల కాంట్రాక్టులో 14 పనులు రాసి ఉన్నాయి, అందులో ఒకటి మూడు జిల్లాల్లో ఇంటింటి సర్వే. 45 రోజుల్లో అయ్యే పని కాదని రాసినవాళ్ళకూ తెలుసు. మనం అడుగుతామని ఎదురుచూస్తుంటారు, లేదా పాత ప్రాజెక్టు నుంచి కాపీ కొట్టి మర్చిపోయి ఉంటారు.

ఆ మాట చెప్పాల్సిన చోటు ఇన్‌సెప్షన్ రిపోర్ట్. మొదటి మూడు నాలుగు వారాల్లో ఇచ్చే చిన్న రిపోర్టు అది. చాలామంది దాన్ని టీఓఆర్‌ను తిరగరాసి ఇచ్చేస్తారు. అక్కడే "ఇవి చేస్తాను, ఇది చేయలేను, దీని బదులు ఇది చేస్తాను" అని రాసి ఆమోదం తీసుకుంటే చివర్లో గొడవ ఉండదు. నేను ఇంటింటి సర్వే తీసేసి, సంఘం రిజిస్టర్లు చూసి, ఊరికి పదిమందితో మాట్లాడతానని రాశాను. ఒక్క కామెంట్ లేకుండా ఒప్పుకున్నారు.

క్యాలెండర్ కూడా అప్పుడే చూడాలి. కంబోడియాలో ఏప్రిల్ మధ్యలో కొత్త సంవత్సరం, ఆఫీసుల్లో ఎవరూ ఉండరు. వానల చివర టోన్లే సాప్ సరస్సు పొంగి చుట్టూ పొలాలు మునిగి ఉంటాయి, ఫీల్డుకు పడవ కావాలి. భాద్రపద బహుళంలో ప్చుమ్ బెన్ పండుగ. పెద్దలకు అన్నం ముద్దలు పెడతారు. ఆ బెన్ అన్నది మన పిండమే. అచ్చంగా మన మహాలయ పక్షం రోజులే. ఆ రోజుల్లో వర్క్‌షాప్ పెడతానన్న ఒక జర్మన్ నిపుణుడికి మా అటెండర్ నవ్వుతూ సరేనన్నాడు. వర్క్‌షాప్‌కు వచ్చింది ఆ నిపుణుడూ నేనూ, ఇద్దరమే.

ఊళ్ళోకి వెళ్ళినప్పుడు

నేను కంబోడియా వెళ్ళేటప్పుడు సూట్‌కేసులో పచ్చళ్ళతో పాటు ఒక మోడల్ కూడా పెట్టుకెళ్ళాను. 1997 చట్టంతో ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కసారిగా పదివేలకు పైగా నీటి సంఘాలు పుట్టాయి. దాన్ని చూడడానికి ఎన్నో దేశాల నుంచి బృందాలు వచ్చేవి. రాజేంద్రనగర్‌లో నీటి యాజమాన్య శిక్షణ సంస్థ వాలంతరిలో వాళ్ళకు పాఠాలు చెప్పేవారు. నా దగ్గర ఆ స్లైడ్లున్నాయి. అందులో ఒకటి శ్రమదానం: రైతులంతా కలిసి కాలువ పూడిక తీస్తున్న ఫోటో. కంబోడియాలో 2007లో నీటి చట్టం వచ్చింది, రైతు సంఘాలు ఉన్నాయి, కాలువలు పూడిపోయి ఉన్నాయి. ఇంకేం కావాలి అనుకున్నాను.

పుర్సాత్ రాష్ట్రంలో ఒక ఊరు. ఊరిని వాళ్ళు ఫూమ్ అంటారు, భూమి అన్న మాటే. పగోడా (బౌద్ధుల గుడి) పక్క రేకుల షెడ్డులో మీటింగ్. స్లైడ్ చూపించి, "వారానికి ఒక రోజు అందరూ వచ్చి కాలువ తవ్వితే" అన్నాను. నా ఇంటర్‌ప్రెటర్, నాంపెన్‌లో ఇంగ్లీషు చదివిన ముప్పై ఏళ్ళ అమ్మాయి, తర్జుమా చేయకుండా ఆగింది. నేను మళ్ళీ చెప్పాను. అప్పుడు ఏదో చిన్నగా చెప్పింది. ముందు వరసలో తెల్ల జుట్టు కత్తిరించుకున్న ఒక పెద్దావిడ నా మొహం చూడడం మానేసి, ఒళ్ళో ఉన్న క్రమా గళ్ళ తువ్వాలు మడత పెట్టడం మొదలుపెట్టింది. మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టింది. మీటింగ్ అయ్యేదాకా ఇంకెవరూ మాట్లాడలేదు.

కారెక్కాక ఆ అమ్మాయి చెప్పింది. "క్రూ," అంది. అక్కడ గురువును, పంతులమ్మను అలా పిలుస్తారు. "ఈ కాలువ నియంత పోల్ పాట్ కాలంలో జనంతో బలవంతంగా తవ్వించింది. 1975 నుంచి 79 దాకా. ఆమె వయసువాళ్ళంతా తవ్వారు. తవ్వుతూ చచ్చిపోయినవాళ్ళు ఆమెకు తెలుసు." నేను పాలమూరు మనిషిని. మా జిల్లా నుంచి దేశమంతా వెళ్ళి ఎన్ని కాలువలు, ఎన్ని ఆనకట్టలు తవ్వారో తెలిసి పెరిగినదాన్ని. అలాంటిదాన్ని, ఈ కాలువ ఎవరు తవ్వారని ముందుగా ఒక్కరినీ అడగలేదు.

ఆ రాత్రి హోటల్లో ఆ స్లైడ్ తీసేశాను. తర్వాత నెలరోజులు తిరిగి చూస్తే, వాళ్ళకు కలిసి పనిచేయడం మీద కోపం లేదు. పగోడా పనికి ఎవరూ పిలవకుండానే వస్తారు. పై నుంచి ఒకరు వచ్చి "అందరూ కలిసి" అనడమే పడదు. చివరికి నీటి రుసుములో కొంత తీసి కూలిచ్చి పూడిక తీయించే పద్ధతి రాశాం. ఆంధ్రా మోడల్ నుంచి అక్కడ పనికొచ్చింది ఒక్కటే, లెక్కలు ఊరి గోడ మీద రాసిపెట్టడం. అది కూడా గోడ మీద కాదు, పగోడా నోటీసు బోర్డు మీద.

అప్పటినుంచి ఏ దేశమైనా మొదటి ఊళ్ళో నేను అడిగే ప్రశ్నలు మూడే. ఇది ఎవరు తవ్వారు? పాడైతే ఇంతకుముందు ఎవరు బాగుచేసేవారు? నా ముందు ఎవరెవరు వచ్చి మిమ్మల్ని ఇవే అడిగారు? మూడోదానికి అందరూ నవ్వుతారు. తర్వాత మాట్లాడతారు.

ఇంటర్‌ప్రెటర్ గురించి. ఎదురుగా కాదు, పక్కన కూర్చోబెట్టుకోండి. వాక్యం చిన్నగా చెప్పండి. ముందురోజు సాయంత్రం ప్రశ్నలు ఆమెకిచ్చి "ఇందులో అడగకూడనిది ఏముంది" అని అడగండి. ఆ పని ముందే చేసి ఉంటే పుర్సాత్‌లో నా పరువు దక్కేది. రైతు నాలుగు నిమిషాలు మాట్లాడితే "అవునంటున్నాడు" అని తర్జుమా వస్తే, మిగతా మూడున్నర నిమిషాలు ఏమన్నాడో అడగండి. వాళ్ళ ఖ్మేర్ భాషలో ఆడవాళ్ళు "చా" అంటారు, మగవాళ్ళు "బాత్" అంటారు. రెండూ అవును అనే. కానీ చాలాసార్లు దాని అర్థం "వింటున్నాను" అని మాత్రమే. నేను మొదటి రిపోర్టులో ఎన్ని "చా"లను అంగీకారంగా రాశానో తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అంకెల వెనక ఏముందో కూడా ఊళ్ళోనే చూడాలి. ఒక సంఘంలో మీటింగుకు 42 మంది వచ్చారని, అందులో 19 మంది ఆడవాళ్ళని హాజరు పట్టీ. ఎర్ర సిరా వేలిముద్రలు వరసగా ఉన్నాయి. ప్రాజెక్టు లక్ష్యం 30 శాతం మహిళలు, అందింది. నేను రిజిస్టర్ పక్కన పెట్టి ఆ ఆడవాళ్ళను ఒక్కటే అడిగాను: "నీళ్ళు ఏ రోజు వదులుతారో మీకెలా తెలుస్తుంది?" ఇద్దరు తప్ప అందరూ "కాలువలో కనబడితే తెలుస్తుంది" అన్నారు. లక్ష్యం అందిందన్న లైను కింద ఈ జవాబు కూడా రాశాను. టీమ్ లీడర్ తీసేయమన్నాడు. అనుబంధంలోకి మార్చాను, తీసేయలేదు.

రాసేటప్పుడు

రిపోర్టు 120 పేజీలున్నా చదివేది మొదటి రెండు. మంత్రిత్వ శాఖలో ఇంగ్లీషు చదవగలిగిన ఒకరిద్దరి మీద ఆ రెండు పేజీల భారం పడుతుంది కాబట్టి వాక్యాలు చిన్నవిగా ఉండాలి. "సామర్థ్యాల పెంపు అవసరం" అని రాస్తే ఎవరూ ఏమీ చేయరు. ఎవరు, ఎప్పటిలోగా, ఏ డబ్బుతో అన్న మూడూ లేని సిఫార్సును నేను రాయను. రాష్ట్ర నీటి శాఖలో నిజంగా ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి, వాళ్ళతో అయ్యే పనే రాయాలి. ఆరుగురున్న ఆఫీసుకు ముప్పై సిఫార్సులు రాసిన రిపోర్టు నా ముందువాళ్ళది అల్మారాలో చూశాను. పైన బల్లి గుడ్లున్నాయి.

డ్రాఫ్ట్ మీద వచ్చిన ప్రతి కామెంట్‌కూ పట్టిక వేసి, ఒప్పుకున్నామా లేదా, ఏ పేజీలో మార్చామో రాసి ఇవ్వాలి. ఇది విసుగు పనే, కానీ బిల్లు పాసయ్యేది దీనితోనే.

అసలు రహస్యం వేరే ఉంది. బ్యాంకు మనుషులు ఆరు నెలలకోసారి మిషన్ అని వస్తారు. వెళ్ళే ముందు ఎయిడ్ మెమోయిర్ అనే కాగితం రాసి ప్రభుత్వంతో ఒప్పుకోలు తీసుకుంటారు. ఏ పని ఏ తేదీలోగా కావాలో అందులో ఉంటుంది. దాంట్లోకి ఎక్కిన పని జరుగుతుంది. ఎక్కనిది మీ రిపోర్టులో ఎంత బాగా రాసినా అల్మారాలో ఉంటుంది. కాబట్టి ముగింపు మీటింగ్ ముందు రోజు సాయంత్రం మిషన్ లీడర్‌కు మీ ముఖ్యమైన సిఫార్సును రెండు లైన్లలో, తేదీతో సహా, అలాగే అతికించుకునేలా రాసి ఇవ్వండి. రాత్రి పదకొండింటికి ఆ కాగితం రాస్తూ కూర్చున్న మనిషికి తయారు వాక్యం దొరికితే ఎంత సంతోషమో. దానికి ముందు ఆ లైన్లను అక్కడి శాఖలో మీ కౌంటర్‌పార్ట్‌కు, అంటే మీతో కలిసి పనిచేసే అధికారికి, చూపించాలి. ఆయన తెల్లబోయేలా మీటింగులో వినిపిస్తే ఆ తర్వాత ఆ ఆఫీసులో మీకు టీ కూడా రాదు.

డబ్బు, కాగితాలు

కంపెనీ ద్వారా వెళ్తే కాంట్రాక్టులో "క్లయింట్ చెల్లించాక మీకు చెల్లిస్తాం" అన్న లైను ఉంటుంది. దాన్ని "మీ పని ఆమోదించిన 45 రోజుల్లోగా" అని మార్పించడానికి ప్రయత్నించండి. ఒక కంపెనీ దగ్గర నా రెండు నెలల డబ్బు ఏడు నెలలు ఆగిపోయింది, అడిగినప్పుడల్లా ఆ లైనే చూపించారు. పని మొదలుపెట్టగానే కొంత అడ్వాన్స్, చివరి రిపోర్టుకు వీలైనంత తక్కువ వాటా, ఇలా బేరమాడుకోండి. చివరి వాటా ఎప్పుడూ ఆలస్యమే.

బోర్డింగ్ పాస్ ముక్కలు పారేయకండి, అవి లేకపోతే టికెట్ డబ్బులు రావు. టైమ్ షీట్ ఏ రోజుది ఆ రోజు నింపండి. డబ్బు బ్యాంకులో పడ్డ ప్రతిసారీ విదేశీ చెల్లింపు ధ్రువపత్రం తీసుకోండి. పన్ను విషయంలో స్నేహితుల మాట వినొద్దు. ఏడాదిలో ఎన్ని రోజులు ఇండియాలో ఉన్నారు, ఆ దేశంలో పన్ను పట్టుకున్నారా, జీఎస్టీ వస్తుందా రాదా, ఇవన్నీ మనిషి మనిషికీ మారతాయి. విదేశీ కాంట్రాక్టులు చూసిన ఆడిటర్‌ను వెళ్ళకముందే కలవండి. వచ్చాక కలిస్తే ఆయన కూడా తల పట్టుకుంటాడు.

ఇన్సూరెన్స్‌లో అత్యవసరంగా వేరే దేశానికి తరలించే ఖర్చు ఉందో లేదో చూడండి. ఐక్యరాజ్యసమితి సంస్థ పనైతే బీసేఫ్ అనే ఆన్‌లైన్ భద్రతా కోర్సు సర్టిఫికెట్ ముందే కావాలి. ఒక సాయంత్రంలో అయిపోతుంది. అది లేక టికెట్ ఆగినవాళ్ళను చూశాను.

ఇక బయల్దేరే ముందు వారం చేయాల్సినవి. శిక్షణకు వాడిన పట్టికలు, ఫారాలు అక్కడి భాషలోనివి కౌంటర్‌పార్ట్ కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఆయన చేతే ఒకసారి తెరిపించి చూడండి. పెన్‌డ్రైవ్ ఇచ్చి వస్తే అది సొరుగులోనే ఉంటుంది. ఫైల్‌కు పాస్‌వర్డ్ పెట్టి ఉంటే తీసేయండి. నేను ఒకసారి మర్చిపోయి, హైదరాబాద్ వచ్చాక అర్ధరాత్రి టెలిగ్రామ్‌లో పాస్‌వర్డ్ చెప్పాల్సి వచ్చింది. కాంట్రాక్టు నంబరు, తేదీలు, మీ హోదా ఉన్న పని పూర్తయిన లెటర్‌ను ఆ శాఖ లెటర్‌హెడ్ మీద తీసుకోండి. తర్వాతి సీవీకి రుజువు అదే. ప్రాజెక్టు డైరెక్టర్లు అక్కడా మన దగ్గర లాగే బదిలీ అవుతుంటారు. కొత్తాయనకు మీరెవరో తెలియదు. కాబట్టి చివరి రిపోర్టు ఆమోదం దాకా ఆగకుండా, పాతాయన సీట్లో ఉండగానే అడగండి.